ప్రభుత్వాలకూ హద్దులు గీసే డిజిటల్ చట్టాలు కావాలి: వర్ధమాన దేశాల శాసనకర్తలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వర్ధమాన దేశాల చట్టసభల సభ్యులకు, టెలికాం, డేటా, చెల్లింపుల రంగాల నియంత్రణాధికారులకు,

నమస్కారాలు.

మీలో చాలామంది ముందు ఈరోజు ఏదో ఒక డిజిటల్ బిల్లు ముసాయిదా ఉండే ఉంటుంది. అది వ్యక్తిగత డేటా పరిరక్షణకు సంబంధించినది కావచ్చు. టెలికాం లైసెన్సులకు, మొబైల్ చెల్లింపులకు, జాతీయ డిజిటల్ గుర్తింపుకు లేదా సైబర్ నేరాలకు సంబంధించినదీ కావచ్చు. ఆ ముసాయిదాలోని క్లాజులను ఒక్కొక్కటిగా చర్చించే ముందు ఒక ప్రశ్నకు జవాబు వెతకమని అభ్యర్థిస్తూ ఈ లేఖ రాస్తున్నాను. పౌరులకు, కంపెనీలకు ఇన్ని బాధ్యతలు నిర్దేశిస్తున్న ఈ చట్టం, దాన్ని అమలు చేయబోయే ప్రభుత్వానికి ఎలాంటి హద్దులు విధిస్తోంది? గత ముప్పై ఏళ్లలో ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా, కరేబియన్ దేశాలు చేసుకున్న డిజిటల్ చట్టాలనూ, వాటిపై న్యాయస్థానాలు ఇచ్చిన తీర్పులనూ పరిశీలిస్తే, ప్రభుత్వ అధికారానికి కూడా చట్టం గీత గీసిన చోట ప్రజల నమ్మకం నిలిచిందనీ, గీయని చోట ఎంతో ఖర్చుతో నిర్మించిన వ్యవస్థలు సైతం కోర్టు తీర్పుతోనో, రాత్రికి రాత్రి వెలువడిన ఒక ఉత్తర్వుతోనో ఆగిపోయాయనీ నాకు స్పష్టంగా కనిపిస్తోంది.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2025 అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 220 కోట్ల మంది ఇంకా ఇంటర్నెట్‌కు దూరంగానే ఉన్నారు. వారిలో అత్యధికులు మీ దేశాల ప్రజలే. వారిని చేరుకోవడానికి కేబుళ్లు, టవర్లు, చౌక ఫోన్లు కావాలన్నది నిజమే. అయితే కేబులు వేయడానికి దారి హక్కు ఎవరివ్వాలి, మొబైల్ సిగ్నళ్లను మోసే రేడియో తరంగాలను, అంటే స్పెక్ట్రమ్‌ను, ఏ పద్ధతిలో కేటాయించాలి, ఒక కంపెనీ నెట్‌వర్క్ నుంచి మరో కంపెనీ నెట్‌వర్క్‌కు కాల్ వెళ్లాలంటే ఎంత రుసుము న్యాయమైనది, మొబైల్‌లో దాచుకున్న సొమ్ము ఆ కంపెనీ దివాలా తీస్తే ఎవరిది వంటి విషయాలన్నీ చట్టమే తేల్చాలి. ఆ జవాబులు లేని చోటికి పెట్టుబడి రాదు. వచ్చినా, దాని ఫలితం సామాన్యుడి వరకూ చేరదు.

ఈ రంగంలో అన్నిటికంటే తేలికగా పూర్తయిన పని ఎలక్ట్రానిక్ పత్రాలకు చట్టబద్ధత కల్పించడం. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వాణిజ్య న్యాయ సంఘం 1996లో ఎలక్ట్రానిక్ వాణిజ్యంపైనా, 2001లో ఎలక్ట్రానిక్ సంతకాలపైనా నమూనా చట్టాలను రూపొందించి ఇచ్చింది. ఒక సమాచారం ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో దాని చెల్లుబాటును నిరాకరించరాదన్నది వాటి మూలసూత్రం. భారతదేశం 2000లో చేసిన సమాచార సాంకేతిక చట్టం ఈ బాటలోనే నడిచింది కానీ, మొదట ఒకే రకం సాంకేతికతపై ఆధారపడిన డిజిటల్ సంతకాన్ని మాత్రమే గుర్తించింది. ఇతర పద్ధతులకు కూడా చోటు కల్పించేందుకు 2008లో సవరణ చేయవలసి వచ్చింది. ఏ సాంకేతికతనూ పేరు పెట్టి చట్టంలో బిగించకూడదని ఈ అనుభవం నేర్పుతుంది. ఫిలిప్పీన్స్‌కు మరో రకమైన అనుభవం ఎదురైంది. 2000 మే నెలలో ఆ దేశం నుంచి పుట్టిన ‘ఐ లవ్ యూ’ వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లను దెబ్బతీసినా, ఆ పనిని నేరంగా పేర్కొనే చట్టం అప్పటికి లేకపోవడంతో బాధ్యులను శిక్షించడం సాధ్యపడలేదు. మరుసటి నెలలోనే అక్కడ ఎలక్ట్రానిక్ వాణిజ్య చట్టం వచ్చింది. చట్టం లేకపోవడం వల్ల కలిగే నష్టం ఎవరికైనా త్వరగా అర్థమవుతుంది. చట్టం ఉండి, అందులో ప్రభుత్వానికి అపరిమితమైన అధికారం దక్కడం వల్ల కలిగే నష్టం మాత్రం చాలా ఆలస్యంగా బయటపడుతుంది. ఈ లేఖలో నా ఆందోళన ప్రధానంగా ఈ రెండో దాని గురించే.

మయన్మార్ ఉదాహరణను మీరందరూ శ్రద్ధగా చూడాలని కోరుతున్నాను. ఒకే చట్టం ఒక దేశాన్ని ప్రపంచంతో ఎలా కలిపిందో, అదే చట్టం ఆ దేశాన్ని ప్రపంచం నుంచి ఎలా విడదీయగలిగిందో అంత స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి నాకు తెలియదు. ఒకప్పుడు అక్కడ సిమ్ కార్డు కొనాలంటే వందల డాలర్లు, అంతకుముందు వేల డాలర్లు కూడా వెచ్చించవలసి వచ్చేది. 2013 అక్టోబరులో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రభుత్వ గుత్తాధిపత్యానికి తెరదించింది. ఖతర్‌కు చెందిన ఊరీడూ, నార్వేకు చెందిన టెలినార్ సంస్థలు 2014లో సేవలు ప్రారంభించాయి. సిమ్ కార్డు ధర 1500 చాట్లకు, అంటే డాలరున్నర ప్రాంతానికి దిగివచ్చింది. పోటీకి తలుపు తెరిచే చట్టం ఎంత మేలు చేయగలదో చెప్పడానికి ఇంతకంటే మంచి నిదర్శనం అక్కరలేదు. కొద్ది ఏళ్లలోనే ఒక తరం మొత్తం నేరుగా స్మార్ట్‌ఫోన్‌తోనే టెలిఫోను యుగంలో అడుగుపెట్టింది.

అదే చట్టంలో 77వ సెక్షన్ ఉంది. అత్యవసర పరిస్థితి తలెత్తినప్పుడు ప్రజాప్రయోజనం పేరిట టెలికాం సేవలను నిలిపివేయమనీ, సందేశాలను మధ్యలో అందుకోమనీ కంపెనీలను ఆదేశించే అధికారాన్ని అది మంత్రిత్వ శాఖకు ఇచ్చింది. ఆ పరిస్థితి ఏమిటో నిర్వచించలేదు, కాలపరిమితి పెట్టలేదు, న్యాయస్థానం అనుమతి అవసరమనలేదు. 66(డి) సెక్షన్ ఆన్‌లైన్ పరువునష్టాన్ని జైలు శిక్ష పడే నేరంగా మార్చింది. పాత్రికేయులపైనా, సామాన్యులపైనా దాన్ని ప్రయోగించారు. రెండేళ్లలో ఒక కమ్యూనికేషన్ల కమిషన్‌ను ఏర్పాటు చేస్తామని చట్టమే చెప్పింది. ఆ కమిషన్ ఏర్పడలేదు. నియంత్రణాధికారం మంత్రిత్వ శాఖ చేతిలోనే ఉండిపోయింది. 2019 జూన్‌లో రఖైన్, చిన్ రాష్ట్రాల్లోని పలు టౌన్‌షిప్‌లలో మొబైల్ ఇంటర్నెట్‌ను నిలిపివేసింది ఎన్నికైన ప్రభుత్వమే, ఈ 77వ సెక్షన్ కిందనే. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్నప్పుడు కొత్త చట్టం చేయవలసిన అవసరమే దానికి తొలిగా రాలేదు. కావలసిన మీట అప్పటికే చట్టంలో అమర్చి ఉంది. మరుసటి ఏడాది టెలినార్ తన వ్యాపారాన్ని అమ్మివేసి ఆ దేశం నుంచి వైదొలగింది. నిఘా పరికరాలను వినియోగంలోకి తీసుకురావాలన్న ఒత్తిడిని అది తన కారణాల్లో ఒకటిగా చెప్పింది. ఇప్పుడు మీ దేశంలో ఎంత మంచి ప్రభుత్వం ఉన్నా, మీరు చేసే చట్టం మీ తరువాత వచ్చేవారి చేతికి కూడా అందుతుందన్న సంగతి మరువవద్దని ఈ ఉదాహరణ సాక్షిగా ప్రార్థిస్తున్నాను.

ప్రజాస్వామ్య దేశాలు దీనికి అతీతమని అనుకోవడానికి వీల్లేదు. డిజిటల్ హక్కుల సంస్థ యాక్సెస్ నౌ 2024లో 54 దేశాల్లో 296 ఇంటర్నెట్ నిలిపివేతలను నమోదు చేసింది. అందులో మయన్మార్‌వి 85 కాగా, భారతదేశానివి 84. భారతదేశంలో ఈ నిలిపివేతలకు చాలాకాలం పాటు మూలాధారంగా నిలిచింది 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. 2020 జనవరి 10న సుప్రీంకోర్టు, కశ్మీర్‌లో ఇంటర్నెట్ నిలిపివేతను సవాలు చేసిన అనురాధా భసీన్ కేసులో, నిలిపివేత ఉత్తర్వులను ప్రచురించి తీరాలనీ, నిరవధికంగా సేవలను ఆపడం చెల్లదనీ తీర్పు చెప్పిన తరువాతనే నియమాల్లో 15 రోజుల పరిమితి చేరింది. టోగోలో 2017 నాటి నిలిపివేత చట్టవిరుద్ధమని పశ్చిమాఫ్రికా దేశాల ఆర్థిక సమాఖ్య న్యాయస్థానం 2020 జూన్‌లో తేల్చింది. నైజీరియా 2021 జూన్ నుంచి ఏడు నెలలకు పైగా ట్విటర్‌ను నిషేధించడం కూడా తప్పేనని అదే న్యాయస్థానం 2022లో ప్రకటించింది. ఆ ఏడు నెలల్లో అమ్మకాలు కోల్పోయిన చిరువ్యాపారికి 2022 నాటి తీర్పు ఏమి తిరిగి ఇవ్వగలదు? అందుకే నిలిపివేత అధికారానికి షరతులు కోర్టు తీర్పులో కాకుండా మూల చట్టంలోనే ఉండాలి. ఎవరు ఉత్తర్వు ఇవ్వగలరు, ఎన్ని గంటల్లోగా ఎవరు దాన్ని సమీక్షించాలి, గరిష్ఠ గడువు ఎంత, ఉత్తర్వు ప్రతి ఎక్కడ దొరుకుతుంది అన్నవి చట్టం పాఠంలోనే కనిపించాలి.

చెల్లింపుల రంగంలో వర్ధమాన దేశాలు సాధించింది సామాన్యమైనది కాదు. ఇక్కడ మీలో కొందరిని మనస్ఫూర్తిగా అభినందించాలి. కెన్యాలో మొబైల్ ద్వారా డబ్బు పంపే ఎం-పెసా సేవ 2007 మార్చిలో ప్రారంభమైనప్పుడు దానికి సరిపోయే చట్టం ఏదీ లేదు. ఆ దేశపు కేంద్ర బ్యాంకు దాన్ని నిషేధించలేదు, అలాగని గాలికీ వదిలేయలేదు. అభ్యంతరం లేదన్న లేఖ ఇస్తూనే, ఖాతాదారుల సొమ్మును కంపెనీ సొంత సొమ్ముతో కలపకుండా ట్రస్టు కింద వాణిజ్య బ్యాంకుల్లో ఉంచాలన్న ఏర్పాటు మీద పట్టుబట్టింది. వాణిజ్య బ్యాంకుల నుంచి ఒత్తిడి వచ్చి ప్రభుత్వం 2008 చివర్లో ఆడిట్‌కు ఆదేశించినప్పుడు ఆ ఏర్పాటే సేవను నిలబెట్టింది. జాతీయ చెల్లింపుల వ్యవస్థ చట్టం 2011లో, దాని నియమావళి 2014లో వచ్చాయి. ముందు పర్యవేక్షణలో అనుమతించి, అనుభవం గడించిన తరువాత రాతపూర్వక నియమాలు చేసిన ఈ క్రమం కొత్త సేవలకు చాలా మేలైనదని నా అభిప్రాయం. భారతదేశం మరో దారిలో వెళ్లింది. 2007లోనే చెల్లింపులు, పరిష్కార వ్యవస్థల చట్టం చేసి రిజర్వు బ్యాంకుకు స్పష్టమైన అధికారం ఇచ్చింది. ఆ పునాదిమీదనే 2016లో యూపీఐ నిలిచింది. బ్రెజిల్ కేంద్ర బ్యాంకు 2020 నవంబరులో పిక్స్ అనే తక్షణ చెల్లింపుల వ్యవస్థను ప్రారంభించినప్పుడు, 5 లక్షలకు మించి ఖాతాలున్న ప్రతి సంస్థా అందులో చేరి తీరాలని నియమం పెట్టింది. పెద్ద బ్యాంకులు తమ ఖాతాదారులను తమ గోడల మధ్యనే ఉంచుకునే అవకాశం దాంతో పోయింది. మూడు దేశాలవి మూడు దారులే అయినా, ఈ మూడు చోట్లా నియంత్రణ సంస్థ చేతిలో చట్టబద్ధమైన అధికారంతో పాటు దాన్ని వాడే నైపుణ్యం కూడా ఉంది.

అలా నిర్మించుకున్న నమ్మకాన్ని ఆర్థిక శాఖలు ఒక్క బడ్జెట్ ప్రసంగంతో దెబ్బతీయడం చూస్తే బాధ కలుగుతుంది. ఉగాండా 2018 జులైలో సామాజిక మాధ్యమాల వాడకంపై రోజుకు 200 షిల్లింగుల పన్ను వేసింది. అదే సమయంలో మొబైల్ మనీ లావాదేవీలపై 1 శాతం పన్ను వేసి, నిరసనలు రావడంతో కొద్ది నెలలకే దాన్ని నగదు ఉపసంహరణలపై 0.5 శాతానికి తగ్గించింది. సామాజిక మాధ్యమాల పన్ను 2021లో పోయి, దాని స్థానంలో ఇంటర్నెట్ డేటాపై 12 శాతం సుంకం వచ్చింది. ఘనా 2022 మేలో ఎలక్ట్రానిక్ బదిలీలపై 1.5 శాతం పన్ను మొదలుపెట్టి, మరుసటి ఏడాది 1 శాతానికి తగ్గించి, 2025లో పూర్తిగా రద్దు చేసింది. మొదట అంచనా వేసిన రాబడిలో చిన్న భాగాన్ని మాత్రమే ఆ పన్ను తొలి ఏడాది తెచ్చింది. ప్రజలు తిరిగి నగదు వైపు మళ్లారు. ప్రభుత్వాలకు రాబడి అవసరమే, దాన్ని నేను కాదనను. అయితే లాభం మీద వేసే పన్ను వేరు, పేదవాడు తన సొమ్మును తానే కదిలించుకుంటున్నందుకు వేసే పన్ను వేరు. రెండో రకం పన్ను ప్రతిపాదించే ముందు దాని ప్రభావంపై అంచనా పత్రాన్ని సభ ముందు ఉంచడం తప్పనిసరి అని చట్టంలో రాసుకోండి. నిబంధన చిన్నదే, కానీ చాలా పొరపాట్లను అది ఆపగలదు.

గుర్తింపు వ్యవస్థల విషయం మరింత సున్నితమైనది. గుర్తింపు కార్డు లేని మనిషికి బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, పింఛను, కొన్ని చోట్ల వైద్యం కూడా అందవు. కాబట్టి డిజిటల్ గుర్తింపు కావాలనే నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే అది ఏ చట్టం నీడలో వస్తోందన్నది ముఖ్యం. కెన్యా ప్రభుత్వం 2018లో పలు చట్టాలను ఒకేసారి సవరించే ఒక బిల్లులో చేర్చి జాతీయ సమీకృత గుర్తింపు వ్యవస్థకు ఆమోదం పొందింది. 2019లో కోట్ల మంది నుంచి వివరాలు సేకరించింది. అప్పటికి అక్కడ డేటా పరిరక్షణ చట్టం లేదు. అది ఆ ఏడాది నవంబరులో మాత్రమే వచ్చింది. పాత గుర్తింపు కార్డు పొందడానికే ప్రత్యేక విచారణలను ఎదుర్కొంటూ వచ్చిన నూబియన్ సమాజపు ప్రతినిధులు కోర్టుకు వెళ్లారు. తమకు కార్డు ఇవ్వని పాత పద్ధతే కొత్త యంత్రంలోకి ప్రవేశిస్తే, ఇకపై ఏ సేవా తమకు అందదన్నది వారి భయం. 2020 జనవరి 30న హైకోర్టు డీఎన్‌ఏ, నివాస స్థల జీపీఎస్ నిర్దేశాంకాల సేకరణను కొట్టివేసి, సమగ్రమైన నియంత్రణ చట్రం ఏర్పడిన తరువాతే ముందుకు వెళ్లాలని ఆదేశించింది. 2021 అక్టోబరు 14న, డేటా పరిరక్షణపై ప్రభావ అంచనా జరపకుండా కార్డుల పంపిణీ చేపట్టడం చెల్లదని మరో తీర్పు వచ్చింది. రక్షణలను ముందే చట్టంలో పెట్టి ఉంటే ఆ కాలమూ, ఆ ధనమూ వృథా అయ్యేవి కావు.

జమైకాలో సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్ 12న జాతీయ గుర్తింపు, నమోదు చట్టాన్ని మొత్తంగా కొట్టివేసింది. బయోమెట్రిక్ నమోదును తప్పనిసరి చేసి, నిరాకరించిన వారికి శిక్ష విధిస్తామనడం గోప్యత హక్కుకు విరుద్ధమని అది తేల్చింది. ఆ దేశం చేసిన తరువాతి పని మెచ్చుకోదగ్గది. 2020లో డేటా పరిరక్షణ చట్టాన్ని, 2021లో నమోదును స్వచ్ఛందం చేసే కొత్త గుర్తింపు చట్టాన్ని తెచ్చుకుంది. భారత సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనంతో గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా గుర్తించింది. 2018 సెప్టెంబరు 26న ఆధార్ చట్టాన్ని ప్రధానంగా సమర్థిస్తూనే, ప్రైవేటు సంస్థలు ఆధార్‌ను వాడుకోవడానికి వీలు కల్పించిన 57వ సెక్షన్ భాగాన్ని కొట్టివేసింది. ఈ మూడు దేశాల్లోనూ న్యాయస్థానాలు చేసిన పని నిజానికి మీరు, అంటే చట్టసభలు, ముందే చేయవలసినది. న్యాయవ్యవస్థ అంత స్వతంత్రంగా లేని దేశాల్లో ఆ రెండో అవకాశం ప్రజలకు దక్కదు.

ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ 2021 నాటి లెక్క ప్రకారం 194 దేశాల్లో 137 దేశాలు ఏదో ఒక రూపంలో డేటా పరిరక్షణ చట్టం చేసుకున్నాయి. ఈ అంకె చూసి తృప్తి పడడం తొందరపాటు అవుతుంది. ఫిలిప్పీన్స్ 2012లో చట్టం చేస్తే, దాన్ని అమలు చేయవలసిన కమిషన్ 2016లో గానీ ఏర్పడలేదు. దక్షిణాఫ్రికా చట్టం 2013 నాటిది, ప్రజలు దాని పూర్తి రక్షణ కోరగలిగింది 2021 జులై నుంచి. భారతదేశంలో 2023 ఆగస్టులో చట్టం రాగా, నియమావళి 2025 నవంబరులో వెలువడింది, అందులోనూ ముఖ్యమైన బాధ్యతలు దశలవారీగానే అమలులోకి వస్తాయి. ఆఫ్రికన్ యూనియన్ 2014లో మలాబోలో ఆమోదించిన సైబర్ భద్రత, వ్యక్తిగత డేటా పరిరక్షణ ఒప్పందం, 15 దేశాల ధ్రువీకరణ కోసం ఎదురుచూసి 2023 జూన్‌లో అమలులోకి వచ్చింది. కాగితం మీది హక్కుకూ చేతికందిన హక్కుకూ నడుమ ఉన్న ఈ ఏళ్లలోనే కోట్ల మంది డేటా సేకరణ పూర్తయిపోతుంది. తరువాత వచ్చే కమిషన్ అప్పటికే చేతులు మారిన సమాచారాన్ని వెనక్కి రప్పించలేదు. చట్టం అమలు తేదీని ప్రభుత్వ విచక్షణకు వదలకుండా చట్టంలోనే గడువు రాయాలని కోరడానికి కారణం ఇదే.

మినహాయింపుల క్లాజు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే డేటా పరిరక్షణ చట్టాల బలం తేలేది అక్కడే. యూరోపియన్ యూనియన్ డేటా పరిరక్షణ నిబంధనావళిలోని మాటలను ఎత్తి రాసుకున్న అనేక చట్టాలు, ప్రభుత్వ సంస్థల దగ్గరికి వచ్చేసరికి దాని స్ఫూర్తిని వదిలేశాయి. భారత చట్టం కేంద్ర ప్రభుత్వానికి తన సంస్థల్లో దేన్నైనా నోటిఫికేషన్ ద్వారా మినహాయించే అధికారాన్ని ఇచ్చింది. వర్ధమాన దేశాల్లో పౌరుల సమాచారం అత్యధికంగా ఉండేది రేషన్, పన్ను, పింఛను, ఆరోగ్యం, ఎన్నికల వంటి ప్రభుత్వ పట్టికల్లోనే. అంత సమాచారాన్ని కలిగి ఉన్న సంస్థను పక్కన పెట్టి చేసిన పరిరక్షణ సగానికి సగం కూడా కాదు. పరిరక్షణ సంస్థ స్వతంత్రత కూడా దీనితో ముడిపడినదే. బ్రెజిల్ తన డేటా పరిరక్షణ సంస్థను మొదట అధ్యక్ష కార్యాలయం కిందనే పెట్టి, విమర్శల తరువాత 2022లో దానికి ప్రత్యేక ప్రతిపత్తి కల్పించింది. తప్పు దిద్దుకోవడం సాధ్యమేనని అది చూపింది.

టెలికాం నియంత్రణలో సైతం ఇలాంటి లోటే ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థలో 1997లో 69 ప్రభుత్వాలు కుదుర్చుకున్న ప్రాథమిక టెలికాం ఒప్పందంలో భాగంగా చాలా దేశాలు ఆమోదించిన మార్గదర్శక పత్రం, నియంత్రణ సంస్థ ఏ టెలికాం కంపెనీకీ జవాబుదారీగా ఉండరాదని చెప్పింది. ప్రభుత్వం నుంచి అది ఎంత దూరంగా ఉండాలో మాత్రం చెప్పలేదు. ప్రభుత్వమే ఒక టెలికాం కంపెనీకి యజమానిగా ఉన్న దేశంలో ఈ రెండూ ఒకే ప్రశ్న అవుతాయి. నియంత్రణ సంస్థ సభ్యుల పదవీకాలం, తొలగింపు కారణాలు, బడ్జెట్ వనరు చట్టంలోనే స్పష్టంగా ఉంటే తప్ప ఆ దూరం నిలవదు.

ఇక సార్వత్రిక సేవా నిధుల సంగతి. లాభం రాని పల్లెలకు, కొండ ప్రాంతాలకు సేవలు చేర్చడానికి కంపెనీల ఆదాయం నుంచి వసూలు చేసే ఈ నిధుల ఆలోచన ఎంతో ఉదాత్తమైనది. భారతదేశం టెలికాం కంపెనీల సవరించిన స్థూల ఆదాయంలో (కొన్ని మినహాయింపులు పోగా మిగిలే ఆదాయంలో) 5 శాతాన్ని, పెరూ 1 శాతాన్ని ఇందుకు కేటాయించాయి. చిలీ 1994లో ఒక నిధిని నెలకొల్పి, ఒక ప్రాంతానికి సేవ అందించడానికి ఎవరు అతి తక్కువ సబ్సిడీ అడుగుతారో వారికే బాధ్యత అప్పగించే పద్ధతి తెచ్చింది. కొన్ని ప్రాంతాలకు కంపెనీలు పైసా సబ్సిడీ అడగకుండానే ముందుకొచ్చాయి. ఆ వేలం పద్ధతి తరువాత అనేక దేశాలకు ఆదర్శమైంది. కానీ మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎంఏ 2013లో 64 నిధులను పరిశీలించినప్పుడు 1100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు కాకుండా పడి ఉన్నట్టు తేలింది. ఆ సంఘానికి ఈ సుంకం తగ్గాలన్న సొంత ప్రయోజనం ఉన్న మాట వాస్తవమే. అయినా డబ్బు పేరుకుపోయిందన్న విషయాన్ని అది మార్చదు. ప్రజల ఫోన్ బిల్లుల్లోంచి వచ్చిన సొమ్ము ఖజానాలో ఇతర పద్దుల లోటు పూడ్చడానికి నిలిచిపోతుంటే, ఆ పక్కనే సిగ్నల్ లేని గ్రామం ఉండడం నాకు అన్యాయంగా తోస్తుంది. వసూలైన నిధిని నిర్ణీత కాలంలో ఖర్చు చేయకపోతే సుంకం రేటు దానంతటదే తగ్గాలని, ప్రాంతాలవారీ లెక్కలు ఏటా సభ ముందుకు రావాలని చట్టం ఎందుకు ఆదేశించకూడదు?

పెద్ద కంపెనీలు ఏ సబ్సిడీకీ వెళ్లని చోట ప్రజలే నెట్‌వర్క్ నడుపుకోగలరని మెక్సికో నిరూపించింది. అక్కడి 2014 టెలికాం చట్టం ఆదివాసీ సమాజాల సామాజిక వినియోగానికి ప్రత్యేక అనుమతులకు చోటిచ్చింది. 2016లో వహాకా వంటి ప్రాంతాల ఆదివాసీ గ్రామాలకు చెందిన ఒక సంఘం మొబైల్ సేవలు నడిపే అనుమతి పొందింది. కెన్యా నియంత్రణ సంస్థ 2021లో సామాజిక నెట్‌వర్క్‌లకు తక్కువ రుసుముతో ప్రత్యేక లైసెన్సు ప్రవేశపెట్టింది. దేశమంతటికీ ఒకే లైసెన్సు, ఒకే భారీ డిపాజిట్ అన్న నియమం ఎక్కడైతే ఉందో అక్కడ ఇలాంటి ప్రయత్నం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. దీన్ని మార్చడానికి పార్లమెంటు కూడా అవసరం లేదు. చాలా దేశాల్లో నియంత్రణ సంస్థ జారీ చేసే ఒక్క ఉత్తర్వు చాలు.

చివరిగా, సైబర్ నేరాల చట్టాల గురించి ఇప్పుడే మాట్లాడవలసిన కారణం ఉంది. సైబర్ నేరాలపై ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని సర్వప్రతినిధి సభ 2024 డిసెంబరు 24న ఆమోదించింది. 2025 అక్టోబరులో హనోయ్‌లో సంతకాల ఘట్టం మొదలైంది. 40 దేశాలు ధ్రువీకరిస్తే అది అమలులోకి వస్తుంది. దానికి అనుగుణంగా మీలో చాలామంది మీ చట్టాలను తిరగరాయబోతున్నారు. హ్యాకింగ్, ఆన్‌లైన్ మోసం, పిల్లలపై లైంగిక దోపిడీ వంటి నేరాలకు గట్టి చట్టాలు, సరిహద్దులు దాటి సాక్ష్యాలు తెచ్చుకునే మార్గాలు కావలసిందే. వాటి మాటున అస్పష్టమైన అభివ్యక్తి నేరాలు చొరబడకుండా చూడవలసిన బాధ్యత మీది. భారతదేశంలో చిరాకు, అసౌకర్యం కలిగించే సందేశాలను కూడా నేరం చేసిన సమాచార సాంకేతిక చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. ఆ తరువాత కూడా పోలీసులు దాని కింద కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి, ఎవరినీ దాని కింద విచారించరాదని 2022 అక్టోబరులో మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. బంగ్లాదేశ్‌లో ఆ దేశపు సమాచార, కమ్యూనికేషన్ సాంకేతిక చట్టం 57వ సెక్షన్ మీద వచ్చిన విమర్శల తరువాత 2018లో డిజిటల్ భద్రతా చట్టం వచ్చింది. దాని మీద అవే విమర్శలు రావడంతో 2023లో సైబర్ భద్రతా చట్టం వచ్చింది. పేరు మారినా అందులోని అస్పష్టమైన నేరాలు చాలావరకూ అలాగే కొనసాగాయి. ఒకసారి చట్టంలోకి ఎక్కిన అస్పష్టమైన పదాన్ని తిరిగి దించడం ఎంత కష్టమో ఈ రెండు దేశాల ప్రజలు అనుభవించి తెలుసుకున్నారు.

కాబట్టి మీ తదుపరి సమావేశాలకు ముందు నేను కోరేవి ఇవి. డిజిటల్ రంగానికి చెందిన ప్రతి బిల్లునూ, దాని కింద వచ్చే ప్రతి నియమావళి ముసాయిదానూ ప్రజల భాషల్లో ప్రచురించి, అభిప్రాయాలు చెప్పడానికి కనీసం 60 రోజుల గడువు ఇవ్వండి. బిల్లు ప్రవేశపెట్టే మంత్రి, ప్రభుత్వ సంస్థలకు ఇచ్చిన ప్రతి మినహాయింపుకూ కారణాన్ని విడిగా రాసి సభకు సమర్పించే పద్ధతి తీసుకురండి. నిలిపివేత, నిఘా, డేటా సేకరణ అధికారాలు ఏవైనా సరే, వాటిని మూడేళ్లకోసారి సభ తిరిగి ఆమోదిస్తేనే కొనసాగేలా గడువు క్లాజు చేర్చండి. ఇప్పటికే అమలులో ఉన్న మీ చట్టాల్లో ఇలాంటి గడువు, సమీక్ష, ప్రచురణ నిబంధనలు లేని సెక్షన్ల జాబితాను మీ సభాసంఘాల ద్వారా ఈ ఏడాదిలోనే సిద్ధం చేయించి ప్రజల ముందు ఉంచండి.

మీ ప్రత్యుత్తరం కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు
ఒక పౌర పాఠకుడు